జిల్లేడు ఆకు తినే పురుగుకు విషం ఎందుకు ఎక్కదు? ఇంటి దగ్గరే గమనించే పద్ధతి

వానలు పడ్డాక మీ ఊళ్లో ఏ ఖాళీ ప్లాటు దగ్గరికైనా, చెరువు కట్ట మీదికైనా వెళ్లి జిల్లేడు మొక్కను దగ్గరగా చూడండి. పచ్చగా ఉన్న ఆకు జోలికి పశువులు మామూలుగా పోవు. తుంచితే చిక్కటి పాలు బొట్లుబొట్లుగా కారతాయి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదమని మన పెద్దవాళ్లు చెప్పగా విననివాళ్లు ఉండరు. అలాంటి ఆకు మీద తెలుపు నలుపు గీతలతో, పసుపు చుక్కలతో సగం వేలంత గొంగళిపురుగు ఒకటి పెళ్లిబంతిలో కూర్చున్నట్టు తాపీగా తింటూ కనిపిస్తుంది. ఒంటి మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములు ఉంటాయి. అది ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుక పిల్ల.

విషం తిని అది ఎలా బతుకుతోంది? "దానికి అలవాటులే" అని వదిలేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. ఆ పురుగు చేసే పనిలో సగం మన కళ్లతో చూడొచ్చు, మిగతా సగం దాని ఒంట్లో జరుగుతుంది. చూడగలిగినదాన్ని ఎలా చూడాలో, చూడలేనిదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్తాను. ఖర్చు ఏమీ లేదు. ఒక జిల్లేడు మొక్క, దోమతెర గుడ్డ ముక్క, దాదాపు నాలుగు వారాల ఓపిక ఉంటే చాలు. పిల్లలుంటే వాళ్లనీ కూర్చోబెట్టుకోండి, కానీ ముందు కింది జాగ్రత్తలు చదవండి.

జిల్లేడు పాలు కంట్లో పడితే మొదట్లో నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, అదే దాని మోసం. కొద్ది గంటల్లో చూపు మసకబారుతుంది, నల్లగుడ్డు మీది పారదర్శక పొర లోపలి వైపు దెబ్బతింటుంది. కాబట్టి ఆకు ముట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్, కంటికి మామూలు కళ్లద్దాలైనా సరే పెట్టుకోండి. అయిపోయాక సబ్బుతో చేతులు కడిగేదాకా మొహం ముట్టుకోవద్దు. పొరపాటున పడితే వెంటనే పదిహేను నిమిషాలకు తగ్గకుండా ధారగా నీళ్లతో కడిగి, నొప్పి లేకపోయినా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిల్లలకు చూడటం వరకే, ఆకు కోసే పని పెద్దవాళ్లది.

ఇక గుడ్డు వెతకడం. లేత ఆకుల అడుగు వైపు చూడాలి. ఉప్మా రవ్వ గింజంత, తెల్లగా, కొద్దిగా పొడవుగా, నిలువు గీతలతో ఒంటరిగా అతికి ఉంటుంది. గుంపుగా పసుపుపచ్చగా కనిపించేవి గుడ్లు కావు, అవి పేనుబంక. మొక్క దగ్గర నిలబడితే ఆడ సీతాకోకచిలుక ఆకును కాళ్లతో తట్టి చూసి, పొట్ట చివర వంచి ఒక్కో గుడ్డు పెట్టడం కూడా కనపడుతుంది, నేను మొదట దాని వెనకాలే వెళ్లి గుడ్లు ఎక్కడ ఉంటాయో తెలుసుకున్నాను. మన వాతావరణంలో 3-4 రోజుల్లో గుడ్డు పొదుగుతుంది. పిల్ల బయటికి రాగానే ముందు తన గుడ్డు పెంకునే తింటుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, ఎందుకంటే ఈ పని మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ఇదే చేస్తారు. మొదటి ఏడాది ఆకులు కోసుకొచ్చి స్వీటు డబ్బాలో వేసి పురుగుల్ని పెంచాను. పెరిగాయి, ఎగిరిపోయాయి, కానీ అవి పాలతో ఎలా వేగుతాయో నాకు ఒక్కసారీ కనపడలేదు. కారణం తర్వాత తెలిసింది. కోసిన ఆకులో పాల ఒత్తిడి పోతుంది. తొడిమ దగ్గరే అంతా కారిపోయాక పురుగుకు ఎదుర్కోవడానికి ఏమీ మిగలదు, అందుకే తిన్నగా తినేస్తుంది. అసలు పోరాటం చూడాలంటే పురుగు బతికున్న మొక్క మీదే ఉండాలి. గుడ్డు ఉన్న కొమ్మకు దోమతెర గుడ్డతో సంచి కుట్టి తొడిగి, కింద దారంతో వదులుగా కట్టండి. కందిరీగలు, సాలీళ్లు లోపలికి రావు, గాలి ఆడుతుంది, మీరు రోజూ సంచి విప్పి చూసుకోవచ్చు.

మొదటి రోజు తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. అప్పుడే పుట్టిన పిల్ల నువ్వుగింజంత పొడవుంటుంది. దాని నోటికి ఒక పాలచుక్క అంటుకుంటే చాలు, ఆ పాలు గాలికి జిగురై నోరు మూసుకుపోతుంది, కొన్ని అక్కడే చిక్కుకుని చచ్చిపోతాయి. విషం సంగతి తర్వాత, ముందు ఈ జిగురే దాని ప్రాణానికి గండం. అందుకని అది ఆకు మీద ఒకచోట నిలబడి, తన చుట్టూ చంద్రవంకలా, తర్వాత దాదాపు పూర్తి గుండ్రంగా కొరుకుతూ పోతుంది. ఆ గీత వెంట తెల్లటి పూసల్లా పాలు ఊరతాయి. పిల్ల ఆగుతుంది, తల వెనక్కి లాక్కుంటుంది, నోరు ఆకుకు రాసుకుంటుంది, మళ్లీ మొదలుపెడుతుంది. ఒక్కోసారి ఇదంతా గంటకు పైగా పడుతుంది. వలయం పూర్తయ్యాక లోపలి ముక్కకు బయటినుంచి పాలు సరఫరా ఆగిపోతాయి, అప్పుడు హాయిగా ఆ బిళ్లను తింటుంది. ఫోన్ కెమెరా ముందు చిన్న భూతద్దం పెట్టి చూడండి. ఆకు మీద మిగిలిన ఆ గుండ్రటి మచ్చను ఒకసారి గుర్తుపట్టారంటే దారిన పోతూ కూడా "ఇక్కడ పురుగు పుట్టింది" అని చెప్పగలుగుతారు.

పెద్దదయ్యాక పద్ధతి మారుతుంది. నాలుగోసారి కుబుసం విడిచిన పురుగుకు వలయాలు కొరికే తీరిక ఉండదు, దానికి రోజుకు పెద్ద ఆకులే కావాలి. అప్పుడు అది ఆకు మధ్య ఈనె మీదికో, తొడిమ దగ్గరికో వెళ్లి ఒకేచోట గాటు పెడుతుంది. పాలు గలగలా కారతాయి, ఆకు వాలిపోతుంది. పురుగు ఆ గాటు దాటి కొస వైపు వెళ్లి తింటుంది. అన్నీ ప్రతిసారీ ఇలా చేయవు, కాబట్టి వాలిపోయిన ఆకు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఈనె మీద గాటు ఉందేమో చూడండి.

గాటు దొరికితే ఈ చిన్న పరీక్ష చేయండి. నాకు బాగా నచ్చిన భాగం ఇదే. కళ్లద్దాలు పెట్టుకుని, గుండుసూదితో గాటుకు కొస వైపు ఆకును ఒక్కచోట గుచ్చండి. తర్వాత అదే మొక్క మీద పురుగు ముట్టని, అదే వయసు ఆకును అదేచోట గుచ్చండి. రెండో ఆకులో తెల్లటి బొట్టు వెంటనే పైకి ఉబుకుతుంది, మొదటి ఆకులో చాలా కొంచెం వస్తుంది లేదా అసలు రాదు. పొలానికి నీళ్లు కట్టేవాళ్లు పై కాలవ దగ్గర మడవ వేస్తే కింది మడి ఎండినట్టే. మొక్కల పాల నాళాల్ని పురుగులు ఇలా కోసి తప్పించుకుంటాయని డేవిడ్ డ్యుసోర్డ్, థామస్ ఐస్నర్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు 1987లో ప్రచురించారు. వాళ్లు చూసినదాన్ని మీరు గుండుసూదితో మీ పెరట్లో చూడొచ్చు.

అయితే పాలు కార్చేసినంత మాత్రాన విషమంతా పోదు, ఆకు కండలో కూడా ఉంటుంది. జిల్లేడు విషాల పేరు కార్డినొలైడ్లు. గుండె జబ్బు ఉన్న కొందరికి డాక్టర్లు ఇచ్చే డిజాక్సిన్ మాత్ర కూడా ఈ కుటుంబానిదే, అది డిజిటాలిస్ అనే వేరే మొక్క నుంచి వస్తుంది, మోతాదు కొంచెం ఎక్కువైనా ప్రమాదం. ఈ విషం చేసే పని ఒకటే. జంతువుల ప్రతి కణం పొరలోనూ ఒక పంపు ఉంటుంది, అది 3 సోడియం అయాన్లను బయటికి తోసి 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. నరం పనిచేయాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఆ పంపు ఆడుతూ ఉండాలి. కార్డినొలైడ్ వచ్చి తాళం కప్పలో విరిగిన తాళంచెవిలా అందులో ఇరుక్కుని పంపును ఆపేస్తుంది.

మరి పురుగు పంపు ఎందుకు ఆగదు? ఇది ఎక్కువగా పరిశోధించింది మన ప్లెయిన్ టైగర్‌కు దగ్గరి చుట్టమైన మోనార్క్ అనే అమెరికా సీతాకోకచిలుకలో. ఆ పంపు ఒక ప్రొటీన్, దాన్ని గొలుసనుకుంటే అందులో పూసల్లా దాదాపు వెయ్యి అమైనో ఆమ్లాలుంటే, విషం అతుక్కునే చోట మూడే మారాయి, 111, 119, 122 స్థానాల్లో. తాళం కప్పలో మూడు పళ్లు అరగదీసినట్టు, ఇక ఆ విషం సరిగా కూర్చోలేదు. ఇంత చిన్న మార్పుకే అంత బలం ఉందా అనే అనుమానం సహజం. 2019లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో నోవా వైట్‌మన్ బృందం జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో సరిగ్గా ఆ మూడు మార్పులే మామూలు పండ్ల ఈగల్లో చేసింది. ఆ ఈగలు కార్డినొలైడ్లు కలిపిన తిండి తిని బతికాయి. ఒక మార్పు ఒక్కటే చేసినప్పుడు మాత్రం ఈగల నరాలకు ఇబ్బంది వచ్చింది, ఇంకో మార్పు తోడైతేనే ఆ ఇబ్బంది తగ్గింది. అంటే విషాన్ని తట్టుకోవడం ఊరికే రాలేదు, ఒక్కో మెట్టుకూ ఒంటికి మూల్యం ఉంది.

తట్టుకోవడంతో ఆగకుండా ఈ జాతి ఇంకో అడుగు వేసింది. విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. గరళాన్ని గొంతులో నిలుపుకున్న శివుడి కథ మనకు తెలిసిందే, ఇక్కడ పురుగు దాచిన విషం, అది గూడులా మారి వేలాడే ప్యూపా దశను కూడా దాటి సీతాకోకచిలుక రెక్కల్లోకి చేరుతుంది. లింకన్ బ్రవర్ అనే శాస్త్రవేత్త 1960లలో చేసిన ప్రయోగం దీనికి సాక్ష్యం. విషపు మొక్క తిని పెరిగిన మోనార్క్‌ను తిన్న బ్లూ జే పక్షి కాసేపటికే కక్కేసింది, క్యాబేజీ మీద పెంచిన మోనార్క్‌ను తింటే ఏమీ కాలేదు. అంటే బలం పురుగు సొంతం కాదు, మొక్క దగ్గర తీసుకున్నది. మన ప్లెయిన్ టైగర్‌లో ఎంత విషం ఉంటుందనేది కూడా అది ఏ మొక్క తిన్నదనే దాని మీద ఆధారపడుతుంది. ఆ చారలు, ఆ నారింజరంగు, ఆ నెమ్మది ఎగురుడు అన్నీ "నన్ను ముట్టుకోకు" అనే బోర్డు. డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే వేరే జాతిలో ఆడది అచ్చం దీని వేషం వేసుకుని, ఒంట్లో ఆ విషం లేకుండానే బతికేస్తుంది.

అదే మొక్క మీద పసుపు, నీలం రంగుల జిల్లేడు మిడత కూడా దొరుకుతుంది. చేత్తో పట్టుకోవద్దు. అది కూడా విషం దాచుకుంటుంది, పట్టుకుంటే విషపు ద్రవాన్ని చిమ్ముతుంది.

ఇప్పుడు ఇంటి ముందుకు రండి. గన్నేరు, నందివర్ధనం మీద ఇంకో రెండు రకాల పురుగులు దొరుకుతాయి, వాటిని జిల్లేడు పురుగుతో పోల్చి చూస్తేనే నా మాట పూర్తవుతుంది. ఎందుకంటే ఒకే రకం విషానికి అవి వేరే దారులు వెతుక్కున్నాయి. గన్నేరు మీద నాలుగు జతల కొమ్ములతో ఉండేది కామన్ క్రో పురుగు. దీని పంపు మారలేదు, విషానికి లొంగే పాత పంపే. కానీ పేగు దగ్గరే విషాన్ని లోపలికి రానివ్వదు, దాచుకోదు, అంతా లద్దెతో బయటికి పోతుంది. దాని ప్యూపా వెండి అద్దంలా మెరుస్తుంది, ఆకు కింద వేలాడుతుంటే జుంకా అనుకుంటారు. ఇంకొకటి బొటనవేలంత లావుగా, పచ్చగా, తల వెనక రెండు నీలి కళ్లలాంటి మచ్చలతో ఉంటుంది, ఓలియాండర్ హాక్ మాత్ పురుగు. నందివర్ధనం కొమ్మలు రాత్రికి రాత్రి మోడైతే చాలావరకు ఇదే. దీని పంపు కూడా మారలేదు, కానీ నరాల చుట్టూ ఉన్న పొర విషాన్ని లోపలికి వెళ్లకుండా ఆపుతుందని 2013లో తేలింది. కోట గోడ కట్టుకున్నట్టు. ఇది ప్యూపా అయ్యే ముందు గోధుమరంగుకు మారి నేలకు దిగుతుంది, కాబట్టి దీన్ని పెంచితే డబ్బా అడుగున ఎండుటాకులు, కొంచెం మట్టి వేయండి. గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ ఏదీ మనుషుల నోట్లోకి, పశువుల నోట్లోకి పోకూడదు, కోసిన కొమ్మలు ఊరికే పడేయొద్దు.

విషాన్ని విరగ్గొట్టేవి వేరే. నిమ్మ, కరివేపాకు మీద పక్షి రెట్టలా కనిపించి, పెద్దయ్యాక పచ్చగా మారే పురుగు మీరు చూసే ఉంటారు. వేలితో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి నాలుకలాంటిది బయటికొచ్చి ఘాటు వాసన కొడుతుంది. నిమ్మజాతి మొక్కల్లోని ఫ్యూరనోకూమరిన్లు అనే విషాలను ఈ కుటుంబం పురుగులు పీ450 అనే ఎంజైములతో ముక్కలు చేస్తాయి. అమెరికాలో పొగాకు మీద బతికే హార్న్‌వార్మ్ అనే గొంగళిపురుగు అందులోని విషమైన నికోటిన్‌ను చాలావరకు విసర్జించేస్తుంది, కొంచెం రక్తంలోకి వెళ్లినదాన్ని ఒంటి పక్క రంధ్రాల నుంచి ఊపిరితో వదులుతుంది, ఆ వాసనకు సాలీడు వెనక్కి తగ్గుతుందని 2014లో చూపించారు. క్యాబేజీ, ఆవాల ఘాటు వేరే కథ. ఆకు నలిగినప్పుడు రెండు పదార్థాలు కలిసి ఘాటు పుడుతుంది, డైమండ్ రెక్కల పురుగు ఆ రెండూ కలవకముందే ఒకదాన్ని పేగులోనే మార్చేస్తుంది.

ఇది సరదా కోసం మాత్రమే తెలుసుకునే విషయం కాదు. పత్తి చేలో శనగపచ్చ పురుగు పత్తి ఆకులోని గాసిపోల్ అనే విషాన్ని తట్టుకుంటూ ఎన్నో తరాలుగా బతుకుతోంది, విషాన్ని విరిచే ఎంజైములు దాని దగ్గర ముందే ఉన్నాయి. మనం కొట్టే మందు దానికి ఇంకో విషం అంతే. 1987లో ఆంధ్రప్రదేశ్ పత్తి చేలల్లో పైరెత్రాయిడ్ అనే రకం పురుగుమందులు ఎన్నిసార్లు కొట్టినా ఈ పురుగు లొంగలేదు, దానికి ముఖ్య కారణాల్లో ఈ ఎంజైములూ ఉన్నాయి. ఆ రోజుల్లో రైతులు పడిన బాధ తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అందుకే ఒకే మందు మళ్లీమళ్లీ కొట్టొద్దని వ్యవసాయ అధికారులు చెప్పే మాటను తేలిగ్గా తీసుకోకండి.

సరే, మన జిల్లేడు సంచికి వద్దాం. పెద్ద పురుగును, గుడ్డును ఒకే సంచిలో ఉంచకండి, పెద్దది గుడ్డును కూడా ఆకుతోపాటు తినేస్తుంది. పురుగు కదలకుండా, తిండి మానేసి ఒకచోట ఉండిపోతే టెన్షన్ పడొద్దు, కుబుసం విడవబోతోంది, ఒక రోజు వదిలేయండి. మందు కొట్టిన పొలం గట్టు మీది ఆకులు వాడొద్దు. ఒక్కోసారి బాగా తింటున్న పురుగు మెత్తబడి, దాని లోపలి నుంచి తెల్లటి పురుగు దారంతో వేలాడుతూ కిందికి దిగుతుంది. అది టాకినిడ్ అనే ఈగ పిల్ల. మొక్క విషం పక్షిని ఆపుతుంది కానీ ఈ ఈగను ఆపలేదు. మీ తప్పేమీ లేదు, గుడ్డు నుంచే సంచి తొడిగితే ఈ నష్టం తగ్గుతుంది.

రెండు వారాలు దాటాక పురుగు పైకెక్కి తలకిందులుగా కొక్కెంలా వేలాడుతుంది, మర్నాటికి ప్యూపా అవుతుంది. ఆకుల మధ్య ఉంటే పచ్చగా, వేరే రంగు చోట అయితే లేత గులాబీరంగులో కూడా ఉంటుంది. 9-10 రోజుల తర్వాత పొర పల్చబడి లోపలి నారింజరంగు రెక్కలు కనిపిస్తే, మర్నాడు పొద్దున్నే సంచి దగ్గర కూర్చోండి. బయటికొచ్చాక ఎర్రటి ద్రవం చుక్కలుగా కారుతుంది, రక్తం కాదు, ప్యూపాలో మిగిలిన వ్యర్థం. రెక్కలు ఆరడానికి రెండు గంటలైనా పడుతుంది, అప్పటిదాకా ముట్టుకోకండి. ఎగిరే ముందు వెనక రెక్క మధ్యలో నల్ల చుక్కలు లెక్కపెట్టండి: నాలుగుంటే మగది, మూడుంటే ఆడది. మగదైతే కొన్నాళ్లకు గిలిగిచ్చ, జనుము ఎండుటాకుల మీద వాలి గీరుతూ కనిపించవచ్చు, ఆడదాన్ని ఆకర్షించే వాసన చేసుకోవడానికి ఆ మొక్కల నుంచి ఇంకో విషాన్ని ఏరుకుంటుంది. ఆడదైతే సంచి తీసేసి మొక్కను అలాగే వదిలేయండి, కొన్ని రోజులాగి లేత ఆకుల అడుగున మళ్లీ చూడండి.